ఒకే అండాలో పంచెలూ, పసుపుచీరా

"జేజీ, వాషింగ్ మిషన్ నిలిచిపోయింది. బాగుచేసే అతను సోమవారందాకా రాడంట. బయట లాండ్రీకి వేస్తే బోలెడు ఖర్చు. మీ కాలంలో ఎట్ల చేసేవాళ్ళు?"

శుక్రవారం మధ్యాన్నం, మూడు గంటలు. ఎట్ల చెయ్యకూడదో ఆ గడియకు తెలిసింది మా ఇంటికి. ఎట్ల చెయ్యాల్నో ఆనక చెప్తాను గానీ, ముందు ఇట్లొచ్చి కూచో. ఆ బకెట్టు ఆడ పెట్టు. తెల్లవి ఒకపక్క, రంగువి ఒకపక్క వేసినావా? వేసినావు. మంచిపిల్లవు. మా అవ్వ వెయ్యలా. కతంతా ఆడనే ఉండాది.

మాకూ ఒక మిషన్ ఉండేది తల్లీ, పేరు గంగులమ్మ. అయ్యో, అట్లనకూడదు, ఆ యమ్మ వినుంటే నన్నే బండమీద వేసి ఉతికేది. మనిషి ఎంత గట్టిదో నోరూ అంత గట్టిది. మూటెత్తుకునేటప్పుడు ఒక్కొక్క గుడ్డా విదిలించి చూసి, "ఏమమ్మా, ఈ పంచెతో మీ ఆయన పొయ్యి తుడిచినాడా?" అని అడిగేది. మా అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆ గంగులమ్మ కూతురి కానుపని వడమాలపేటకు పోయింది. పోయిన మనిషి నెలైనా రాలా.

ఇంకొకరికి వేద్దామంటే అవ్వ ఒప్పుకోదు. అవ్వంటే మా నాయన తల్లి, ఇంటికి పెద్ద. "ఆ యమ్మ మన ఇంటిని నమ్ముకోనుండాది. తిరిగొచ్చేసరికి మూట ఇంకొకరి నెత్తినుంటే ఏమనుకుంటాది?" అనేది. అదీ నిజమే. ఊర్లో కొత్తగా లాండ్రీ పెట్టినారు, దానికి డబ్బు పోతాదనేదీ నిజమే. రెండో నిజం అవ్వ బయటికి చెప్పేది కాదు.

అది యుద్ధం నాటి మాట. గుడ్డంతా కంట్రోలు, సబ్బు కంటికి కనపడదు. దొరికిన ఒక్క బిళ్ళనూ అవ్వ దారంతో సన్నంగా కోసి, ముక్కలు బియ్యం కుండలో దాచేది, ఎవరూ ఎక్కువ రుద్దకుండా. ఒకరోజు ఒక ముక్క బియ్యంతోబాటు ఎసట్లోకి పోయింది. నాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, "అమ్మా, ఈ పొద్దు అన్నం శానా తెల్లగా ఉండాదే" అన్నాడు, పాపం.

ఆ, నాయన సంగతి చెప్పల్ల. ఏడాదికొక తూరి మా ఇంటికి గుడిలో వంతు వచ్చేది. వంతంటే తెల్లవారుజామున స్వామి ముందర దివిటీ పట్టుకొని నిలబడే పని. తాతల నాటినుంచి మాది. మొదటి రోజు మనిషి రాకపోతే ఆ ఏడంతా దాయాదులకు పోతాది, అది అక్కడి కట్టు. దాయాది ఎవరు? మునుసామి చిన్నాయన, నాయనకు చిన్నాయన కొడుకు. మా నాయనకు ఎప్పుడు జలుబు చేస్తాదా అని కాసుకోనుండే మనిషి. వంతుకు తెల్లపంచె కట్టల్ల, పైన తెల్లపంచె కప్పల్ల. గంగులమ్మ ఉతికి తెచ్చినా, అవి మళ్ళా ఇంట్లోనే తడిపి, ఇంట్లోనే ఆరేసినవి కావల్ల. అరువు గుడ్డ పనికిరాదు.

శనివారం తెల్లవారితే వంతు. నాయనకున్నవి రెండు జతల పంచెలు, నాలుగూ మాసినవే.

అవ్వేమో, గంగులమ్మ చేసే పని మనం చెయ్యలేమా అని చౌడు మన్ను తెప్పించింది. అప్పట్లో సబ్బుకు బదులు అదే. నీళ్ళలో కలిపి, తేరినాక ఆ నీళ్ళలో గుడ్డల్ని ఉడకేస్తే మురికి ఊడొచ్చేది. పెరట్లో పెద్ద అండా పొయ్యిమీదకెక్కించి నాలుగు పంచెలూ వేసింది. ఇంతవరకూ తప్పేం లేదు. అండాలో ఇంకా చోటుండాది కదా, కట్టెలు ఎటూ మండతాండాయి కదా అని, తన చీర కూడా ముంచింది.

యా చీరనుకున్నావు? కొండకు మొక్కుకొని పొయ్యేవాళ్ళు గుడ్డలు పసుపునీళ్ళలో ముంచి కట్టుకుంటారు చూడు, ఆ చీర. ముంతడు పసుపు తాగిన చీర!

అమ్మ మెల్లగా అన్నింది, "అత్తా, పసుపు దిగుతాదేమో."

"దిగితే దిగనీమే. స్వామి పసుపు అంటుకుంటే పుణ్యం."

మూడు గంటలకు మూత తీసినాము. అమ్మో, పసుపైనా బాగుండు. ఎరుపు! చౌడు తగిలితే పసుపు ఎర్రబడతాది. కాషాయం అంటారే, అచ్చం ఆ రంగు. నాలుగు పంచెలూ దండేనికి వేలాడదీస్తే మా పెరడు మఠం మాదిరి అయిపోయింది. ఎన్ని నీళ్ళు పోసి జాడించినా వదల్లా. అవ్వ బావిగట్టు మీద కూలబడి ఏడ్చింది. "మీ తాత పట్టిన దివిటీరా, నా చేతులారా పోగొట్టినాను" అని. నేను కూడా ఏడ్చినాను. ఎందుకో నాకు తెలీదు, అవ్వ ఏడిస్తే ఏడ్చేదాన్ని.

సరిగ్గా అప్పుడే వచ్చినాడు మునుసామి చిన్నాయన. దండెం కల్లా చూసినాడు, నాయన కల్లా చూసినాడు.

"ఏందన్నా, సన్యాసం పుచ్చుకుంటాండావా? వదినకు చెప్పినావా?"

నాయన ఒక పంచె లాగి మళ్ళా నీళ్ళలో జాడించినాడు.

"పోనీలే, నువ్వు నిమ్మళంగా కాశీకి పో. రేపు దివిటీ నేను పట్టుకుంటా. నా పంచెలు మల్లెపువ్వుల మాదిరి ఉండాయి" అని, అడక్కుండానే మా చెంబుతో మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని పోయినాడు.

అవ్వ ఏడుపు ఆపేసింది. కండ్లు తుడుచుకొని నేరుగా దేవుడి గూటికాడికి పోయి చేతులెత్తింది. "స్వామీ, తెల్లారేలోపల ఈ ఎరుపు పోయి, దివిటీ మా ఇంటోడి చేతిలోనే ఉంటే, నా బిడ్డ తలనీలాలు నీకు ఇస్తాను."

నాయన ఉలిక్కిపడినాడు. ఎందుకంటావా? ఆ ఏడే మద్రాసుకు పోయి జుట్టు కత్తిరించుకొని క్రాపు పెట్టుకోనొచ్చినాడు. వీధిలో మొదటి క్రాపు మా నాయనదే. అద్దం ముందర నిలబడి, కొబ్బరినూనె రాసి, పాపిడి తీసి, మళ్ళా చెరిపి, మళ్ళా తీసి... అవ్వకు దాన్ని చూస్తే ఒళ్ళుమంట. పిట్టగూడు అనేది.

"నా తలనా? మొక్కేది నువ్వు, నీ తల ఇయ్యరాదా అమ్మా?"

"నా తలలో ఏముండాది నాయనా, నాలుగు తెల్లెంటికలు. స్వామికి మంచివి ఇయ్యద్దా?"

ఇంక చూడు. అమ్మ వంటింట్లో ఊరగాయకని నిమ్మకాయలు కోస్తాండాది. "ఏమే కోడలా, ఆ పంచెలు ఆరినాయేమో పట్టి చూడు" అని కేక వేసింది అవ్వ. అమ్మ ఆ చేత్తోనే వచ్చి పట్టుకున్నింది. తీసేసరికి ఎర్రపంచె మీద ఐదు వేళ్ళూ పచ్చగా అచ్చు పడినాయి! ఎరుపు పోయి పసుపు. అంతే, ఊరగాయ వద్దు ఏమొద్దు, ఉన్న కాయలన్నీ తొట్టిలో పిండినాము. పంచె ముంచితే ఎరుపు కరిగిపోతాండాది, చూసేదానికి ఎంత ముచ్చటో! రెండు పంచెలు అయినాక నాయన వచ్చి, తల తడుముకుంటా, "చాల్లేమ్మా, మిగతావాటికి కొంచెం ఎరుపుంటే ఏం పోయింది?" అన్నాడు. అవ్వ ఇంకో కాయ పిండింది.

తెలుపు రాలేదు, అది నిజం. లేత పసుపు. నాయన గొణిగినాడు, "ఇదేం తెలుపు? ఇది కట్టుకొని పోతే ఊరుకుంటారా?"

"మొక్కుబడి గుడ్డలు కట్టినోడిని గుడిలో ఎవరేమంటారు? నువ్వొక్కడివే అయితే నవ్వుతారేమో. అందరమూ కట్టుకుందాము" అని, మా గుడ్డలు కూడా పసుపునీళ్ళలో ముంచింది అవ్వ.

తెల్లవారుజామున అవ్వ, నాయన, అమ్మ, నేను, అందరమూ పసుపుగుడ్డల్లో వరసగా బయలుదేరినాము. గుడి వాకిట్లో మునుసామి చిన్నాయన ముందే వచ్చి నిలబడుకోనుండాడు, మల్లెపువ్వు పంచెలో.

"పెద్దమ్మా, నిన్న ఎరుపు, ఈ పొద్దు పసుపు. ఏందిది?"

"మొక్కుబడి నాయనా. ఈడ పని కాంగానే కొండకే" అన్నింది అవ్వ. అబద్ధం ఆడే మనిషి కాదు మా అవ్వ. గుడి పెద్దాయన పంచె కల్లా చూసి, "గోవిందా, మంచిది, మంచిది" అని దివిటీ నాయన చేతికిచ్చినాడు. ఆ వెలుతురులో నాయన క్రాపు నిగనిగా మెరిసింది. చివరిసారి కదా, శానాసేపు దువ్వుకున్నాడు.

పని కాంగానే ఆన్నించి అట్లే కొండెక్కినాము. మెట్లమీద అమ్మ నా చెవిలో ఊదింది. "మీ అవ్వ ఎన్ని పెండ్లిళ్ళలో హారతికి ఎర్రనీళ్ళు కలిపుంటాది! పసుపులో సున్నం పడితే ఎరుపవుతాదనీ, నిమ్మకాయ పిండితే మళ్ళా పసుపవుతాదనీ ఆమెకు తెలీదా? గుడ్డలు చూసి ఏడ్చింది నిజమేనే. అప్పుడు తోచలేదు. మొక్కేటప్పటికి తోచింది."

నేను ఊరుకుంటానా? నాలుగు మెట్లు పరిగెత్తి అవ్వనే అడిగేసినాను. అవ్వ నా కల్లా చూసి, "గోవిందా అను బిడ్డా, ఎక్కేటప్పుడు మాట్లాడితే ఆయాసం" అన్నింది. పెదాలు మాత్రం బిగబట్టుకున్నింది.

కొండమీద నాయన గుండు గీయించుకొని వచ్చినాడు. అవ్వ ఆ లేతపసుపు పంచెతోనే తల తుడిచి, గంధం పూసి, మొహమంతా ముద్దులు పెట్టుకున్నింది. "ఇప్పుడు మా నాయన మాదిరి ఉండావు" అని.

సరే, నువ్వు లే. తెల్లవి రాత్రికి కుంకుడు నీళ్ళలో నానబెట్టు, పొద్దున రుద్దే పనే ఉండదు. చొక్కాల మెడపట్టీలు మాత్రం రుద్దు. నీ చేతులు సల్లగుండాల, నీ ఇంట్లో గుడ్డలు ఎప్పుడూ మాసేంత సందడి ఉండాల, నీ మొగుడి క్రాపు నిండుగా ఉండాల తల్లీ... ఆ తెల్లవాటి అడుగున దూరిన పసుపు తువ్వాల తీసి పక్కన పెట్టు ముందు. గోవిందా, గోవిందా.