మస్కట్ నుంచి శంషాబాద్

తండ్రిని సమాధి చేసిన మర్నాడు, బోధన్‌లోని ఆ ఇంటి అరుగు మీద ఆడబిడ్డ తన ఫోన్‌ను వదిన ముఖం ముందు పెట్టింది.

“మస్కట్ నుంచి రెండు వేల కిలోమీటర్లు, విమానంల మూడు గంటలేనట. గీ బోధన్‌ నుంచి శంషాబాద్ పోవుడే ఎక్కువసేపు. రెండు దినాల తొవ్వ అని ఎందుకు చెప్పినవ్ వదినా?”

“మీ అన్ననే గట్ల చెప్పుమన్నడు.”

“ఒక్క పూట ఆగుదుమంటే నువ్వే వద్దంటివి. పెట్టె మీద మొదటి మన్ను కొడుకు ఎయ్యాలె. ఆఖరికి నేనేసిన. అన్నకు రాబుద్ధి కాలేదా?”

“పాస్‌పోర్టు ఆడ పనిచ్చిన సేటు బీరువల ఉంది. కాళ్లు పట్టుకున్నా ఇయ్యలేదట. నలుగుట్ల చెప్పొద్దన్నడు.”

ఆడబిడ్డ ఫోన్ వెనక్కి తీసుకోబోయింది. వదిన దాన్ని పట్టుకుని ఆపింది.

“ఆగు. మీ అన్న రూం నుంచి ఆ బీరువ ఎంత దూరమో గూడ సూడు.”