చక్కెర లేని కాఫీ

అమెరికాలోని అల్ఫారెట్టాలో, పక్కింటి నజ్లా హాల్లో, సోఫా అంచున కూర్చుని భార్యాభర్తలిద్దరు తెలుగులో గుసగుసలాడుకుంటున్నారు. నజ్లా వంటింట్లో ఉంది.

"వాళ్ళమ్మ సంగతి అడిగావా?"

"ఎలా అడగనండీ? తలుపు తీసి, నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చి, కాఫీ పెడతానని లోపలికెళ్ళింది."

"ఏడ్చిందా? అయితే..."

"అపశకునం మాటలొద్దు. లెబనాన్‌లో వాళ్ళ ఊరి మీద బాంబులు పడ్డప్పటి నుంచి వాళ్ళమ్మకి ఫోన్ కలవట్లేదు. ఏడవక నవ్వుతుందా?"

"నల్ల బట్టలు కూడా వేసుకుంది."

"వాళ్ళాయన పోయినప్పటి నుంచీ నలుపే కదండీ!"

"మరి మనకెలా తెలుస్తుంది?"

"కాఫీ వస్తే తెలుస్తుంది. వాళ్ళాయన పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ చక్కెర లేని కాఫీ ఇచ్చింది, గుర్తుందా? చావింట్లో కాఫీకి తీపి తగలకూడదట."

"నాకు షుగరని, ఎప్పుడూ చక్కెర లేకుండానే ఇస్తుందిగా."

"మీ కప్పునెవరు నమ్ముతారు? నా కప్పు చూడాలి."

"చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది."

"కాఫీపొడి కలపడానికీ చెంచా కావాలి. కాసేపు ఊరుకోండి."

వంటింట్లోంచి నజ్లా గొంతు వినిపించింది. షుగర్ ఎన్ని స్పూన్లు వెయ్యమంటావని అడుగుతోంది.

"విన్నారా?"

"విన్నాను. పెద్దావిడ బతికే ఉంది! నాక్కూడా మూడు స్పూన్లు వెయ్యమను."

"అర స్పూను. ఆవిడ దక్కిందని మిమ్మల్ని పోగొట్టుకోలేను."