గోనెపట్ట మీద మిషను

కడప జిల్లాలో ఎండిపోతున్న ఒక చీనీతోట. మధ్యాహ్నం. ఏసేపు, అతని భార్య విశ్వాసమ్మ. ఇద్దరి మధ్య గోనెపట్ట మీద, చెట్లు కోసే మిషను ముక్కలు ముక్కలుగా.

"దీన్ని ఈడనే గదా తీసింది?"

"నన్నడిగితే? తీసింది నువ్వు."

"నువ్వు చూస్తాంటివి గదా, విశ్వాసమ్మా. ఇది ముందరొచ్చిందా, ఎనకొచ్చిందా, అంతే చెప్పు."

"తీసింది తీసినట్టు చాటలో వరసగా పెట్టు అంటి. ఇంటివా? గోనెపట్ట మీద పరిస్తివి. కోడి వచ్చి కెలికిపాయ."

"కోడిని తోలొద్దా నువ్వు?"

"తోలినా. తోలేలోపలే కెలికింది."

"సరే, ఫోన్లో ఆ వీడియో మళ్లా పెట్టు."

"మళ్లానా? ఆయప్ప నవ్వుకుంటా నిమిషంలో బిగిచ్చేస్తాడు. ఆపి చూస్తే ఆయప్ప చెయ్యే కనపడుతాది గానీ మిషను కనపడదు."

"ఆయప్ప మిషను వేరే. దీనికి ఈ స్ప్రింగు ఎట్ల చుట్టినారో..."

"పొద్దున ఎగిరింది అదేనా?"

"అదే. తాడు పట్టి లాగుతాం చూడు, దాని లోపలిది. మూత తీయంగానే పాము లేచినట్టు లేచె."

"ఇంగ చుట్టుకోదా?"

"చుట్టుకుంటే ఇంతసేపు యాల కుచ్చుంటా?"

"స్తుతి నాయినా, చాలిచ్చు. అంతా మూటగట్టి వసంతకుమార్ దగ్గరికి ఎత్తకపో. ఆయప్ప మిషను, ఆయప్పే చూసుకుంటాడు."

"ఏ మొగం పెట్టుకోని పోయేది? నిన్న అంతా బిగిచ్చి చూపిచ్చి, చైనుకు నూనె పొయ్యి, అంతకుమించి దేన్నీ కదిలిచ్చొద్దు ఏసేపూ అని చెప్పి చెప్పి పంపె. తెల్లారేసరికి ఇట్ల చేసి పెడితి."

"మరి యాల ఇప్పితివి?"

"కొయ్యలా గదా మే. పొద్దున ఆడిచ్చినా, ఆడింది. చైనూ తిరిగింది. చెట్టుకు ఆనిస్తే పొగ వస్తాది గానీ లోపలికి దిగదు. ఇంజన్లో బలం ల్యా అనుకుంటి."

"ఏ చెట్టుకు ఆనిచ్చినావు?"

"గట్టు కాడిదానికి."

"గుడి చెట్టుకా?"

"ఏదో ఒకదానితో మొదలుపెట్టాల గదా."

"పాస్టరయ్యగారు ప్రార్థన చేసి నాటిన చెట్టు. కోత పండగకు దాని కాయలన్నీ గుడికే పోవాలని, బిడ్డ స్తుతి ఏడ్చినా ఒక్క కాయ ఇయ్యకపోతివి. దానితోనే మొదలుపెట్టితివా?"

"దాన్ని చివరకు పెట్టుకుంటే ఇంగ చెయ్యి రాదని."

"దానికి చిగురేసింది. చూసినావా?"

"చూసినా."

"చూసీనా?"

"చిగురు చూసి ఏం చేసేది? బోరు దుమ్ము తప్ప కక్కదు. ట్యాంకరు నీళ్లు తోలి తోట మొత్తం ఎంతకాలం బతికిచ్చేది? నిలువునా ఎండినాక కట్టెలోళ్లు కూడా రారు. ఆ చైను యాడ?"

"దాని జోలికి పోవద్దు. చెయ్యి తెగుతాది."

"యాడుండాది అంటే?"

"చాటలో. ముందు నువ్వు ఈ మూత సంగతి చూడు."

"చూస్తాండా. ఇదో, ఇదొకటి మిగిలిపాయ. ఇది యాడిది?"

"నాకేం తెలుసు. ఫోను మోగుతాంది."

"సుబ్బయ్యే. నువ్వెత్తు."

"నువ్వే ఎత్తు. కట్టెల లారీ రమ్మనింది నువ్వు, నేను కాదు."

"ఆ, సుబ్బయ్యన్నా... లారీ బయల్దేరిందా? లేదన్నా, ఇంగా ఒక్కటీ పడలా... మిషను మొరాయించింది. ఇప్పినా, బిగిచ్చను చేతగాలా... వేరే మిషనా? నువ్వే తెస్తావా?... మనుషుల్ని కూడానా?... సరేన్నా."

"ఏమంటాడు?"

"మిషనూ మనుషులూ అన్నీ ఆయప్పే తెస్తాడంట. సాయంత్రానికి తోట పడేస్తామంటాడు."

"వద్దని చెప్పకపోతివా?"

"ఏం చెప్పి వద్దనేది? నీళ్లుండాయనా?"

"స్తుతి నాయినా."

"ఊఁ."

"ఇంజనుకు ఏం రోగం ల్యా."

"ఏమి?"

"పొద్దున నువ్వు మొగం కడుక్కుంటాంటే, పక్కనుండే రెండు నట్లు తీసి చైను నేనే తిరగేసినా. నిన్న వసంతకుమార్ చెప్తాంటే నేనూ ఇంటి గదా, రంపం పండ్లు ముందరికి చూడాల, తిరగబడితే చెట్టు కొయ్యదని. ఈ పొద్దుకు ఆగుతాదిలే అనుకుంటి. నువ్వు ఇంజనంతా ఇప్పుకోని కుచ్చుంటావని నాకేం తెలుసు. అప్పుడే చెప్పింటే ఆయప్ప మిషనన్నా బాగుండేది. నోరు రాలా."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పొగ రాంగానే ఆపి చూసినా. పండ్లు తిరగబడి ఉండాయి."

"చూసినావా? మరి ఇంజను యాల ఇప్పితివి?"

"చైను తిప్పుకుంటే కొయ్యాల్సొస్తాది గదా, విశ్వాసమ్మా."