జేబా నౌకరికి దివాకర్ రాసిన నాలుగు పేజీలు

జగిత్యాల తాసీలు ఆఫీసు ముందు జానీమియా చాయ్ బండి. పక్కనే స్టూలు మీద, ఇరవై ఏళ్లుగా జనానికి అర్జీలు రాసిపెట్టే దివాకర్. గణేశ్ తన కూతురు రిషిత సర్టిఫికెట్లు పట్టుకొని వచ్చాడు. కోరుట్లలో ల్యాబ్ ఉద్యోగానికి సాయంత్రం ఐదింటిలోపు కవర్ లెటర్ పంపాలి. "సెల్లుల కొడితె అదే రాసిస్తదట గదన్నా?" అన్నాడో లేదో, దివాకర్ గ్లాసు ఠంగుమని కింద పెట్టాడు.

"ఏందీ, సెల్లా? రాసి రాసి నా వేలు వంకరవోయింది, గీ వేలుకు ఇజ్జత్ లేదా? గీ జానీభాయ్ బిడ్డ జేబాకు సిరిసిల్ల బట్టల కంపెనీల నౌకరి ఎట్లచ్చిందనుకున్నవ్? నేన్ రాసిన లెటర్‌తోని! రెండు నెలలాయె, ఒక్కలన్న నా పేరు చెప్పిన్రా?"

"ఏం రాసినవన్నా?"

"ఎక్కువేం లే, నాలుగు పేజీలు. 'మహారాజశ్రీ మేనేజరు గారి దివ్యసముఖమునకు' అని మొదలువెట్టిన. వాళ్ల తాత ఎడ్లు సచ్చిన కాన్నుంచి నిరుడు వానకు ఇంటి గోడ కూలిన దాక ఒక్క కష్టం ఇడ్సిపెట్టలె. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మొదటి పేజీకే మేనేజర్ కండ్లు తుడుసుకున్నడు."

"పిల్ల ఏం సదివిందో రాయలేదా?"

"సదువు ఎవలైన రాస్తరు! ఏడిపియ్యాలెవయ్యా, ఏడిపియ్యాలె! రెండో పేజీ బయట సదివి ఇనిపిస్తే సిరిసిల్లల సాంచెలన్ని బందువెట్టి నేసేటోళ్లు ఒక్కతీర్గ ఏడ్సిన్రు. మూడో పేజీ కోరుట్ల బస్టాండ్ల సదివిన్రట, కండక్టర్లు టికెట్లు కొట్టుడు మర్సిన్రు, బస్సులు కదల్లే. ఇగ నాలుగో పేజీ ధర్మపురి దాక పోయింది. నడి ఎండకాలం, గోదారి ఎండివోయి ఉన్నది గదా? ఏడ్సినోళ్ల కండ్లనీళ్లకు ఒక్క పూటల రెండు మెట్లు పెరిగింది! గసుంటి నా చెయ్యికి సెల్లు పోటీయా? అబద్ధమైతె జానీభాయ్‌ని అడుగు!"

జానీమియా చాయ్ వడబోయడం ఆపలేదు.

"అచ్చింది దివాకర్ సాబ్, మీ లెటర్‌కు కంపెనీ జవాబచ్చింది. నా సెల్లుల ఉన్నది. 'మీ అర్జీ అందింది. మీకు అన్యాయం చేసినవారి పేర్లు తెలిపితే విచారణ జరిపిస్తాం' అని."

"మరి నౌకరి?" అన్నాడు గణేశ్.

"నాలుగు పేజీలల్ల నౌకరి కావాలని యాడ అడిగిండు? జేబా రెండ్రోజులు ఏడ్సి, ఇంట్ల కూసొని తనే రాసుకున్నది. కంప్యూటర్ల చీర అంచులు గీసుడు నాకు అస్తది, గివ్వి నేను గీసినయి, ఎప్పుడు రమ్మంటే గప్పుడస్త అని. గంతే. వారంలనే పిలిచిన్రు."

గణేశ్ సర్టిఫికెట్లు మెల్లగా చంకలో పెట్టుకున్నాడు. టైము నాలుగు కావస్తోంది. నాలుగడుగులు అటు జరిగి ఫోను కలిపాడు. "బిడ్డా రిషితా, నీకేం పని అస్తదో నువ్వే రాయి. తాతల ముచ్చట రాయకు. ఐదింటిలోపు పంపు."

దివాకర్ మొహం కందగడ్డ అయింది. లేచి నిలబడ్డాడు.

"అంటే ఏంది జానీభాయ్, రెండు నెలలాయె, నా అర్జీ మీద ఇంకా విచారణే చెయ్యలేదా? గిది అన్యాయం గాదా? ఉండు, గా కంపెనీ మీద ఇంకో నాలుగు పేజీలు రాస్త!"