రాగి కెటిల్ ఇంకా ఉందా?

"నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదు, అది మీ అందరికీ తెలుసు," అన్నాడు ఓద్వార్, మూడో వాఫిల్ మీద చీజ్ ముక్క పరుచుకుంటూ.

ఎవరమూ ఔననలేదు. కాదని కూడా అనలేదు. తలుపులు తెరవడానికి ఇంకా గంట ఉంది, బయట వాన, కాఫీ వేడిగా ఉంది.

బడి ఆటల హాలంతా పాత సామానే. ఏడాదికి రెండుసార్లు బడి బ్యాండు కోసం ఈ సంత పెడతాం. ఇళ్ళలో అక్కర్లేనిదంతా జనం తెచ్చిస్తారు, మేం ఊరికే వచ్చి సర్దుతాం, మళ్ళీ ఆ జనమే వచ్చి కొనుక్కుపోతారు. ఈ శరత్కాలం మాత్రం డబ్బు గట్టిగా కావాలి. బ్యాండువాళ్ళ పెద్ద బాకా చర్చి మెట్ల మీంచి దొర్లి అప్పడమైపోయింది. వచ్చే మే పదిహేడున, దేశమంతా జరుపుకునే జాతీయ దినం జెండాల ఊరేగింపు నాటికి ఇంకొకటి కొనాలి. అందుకని కమిటీకి పెద్ద అయిన మోల్‌ఫ్రి ఒక నిర్ణయం చేసింది: మంచి మంచి వస్తువులు సంతలో పెట్టకుండా వెనక గదిలో దాచి, ఇంటర్నెట్‌లో అమ్మాలి. ఆ పని ఎవరికివ్వాలో పదింటిలోపు తేలుస్తానంది. వెనక గది తాళంచెవి ఆవిడ కాఫీ కప్పు పక్కనే ఉంది.

ఓద్వార్ చూపంతా ఆ తాళంచెవి మీదే. ముప్పై ఒక్కేళ్ళు ఫెర్రీలో పనిచేసిన మనిషి. రెండేళ్ళ కిందట సముద్రపు పాయ మీద వంతెన కట్టారు, ఫెర్రీ ఆగిపోయింది. అప్పట్నించీ రోజూ పొద్దున్నే రేవుదాకా నడిచి, కాసేపు నీళ్ళు చూసి, ఇంటికెళ్ళిపోతాడు. ఆయనకి ఆ తాళంచెవి కావాలి. పైకి మాత్రం అనడు.

"ఇంటర్నెట్‌లో అమ్మడం అందరికీ వచ్చే విద్య కాదు మోల్‌ఫ్రీ. నాకూ పోయిన శరత్కాలం దాకా రాదు. కన్ను ఉండాలి. ఇదిగో చూడు, పొద్దున సర్దుతుంటే వంటసామాను బల్ల మీద దొరికింది." కుర్చీ కిందనించి మసిపట్టిన కెటిల్ ఒకటి తీసి చూపించాడు. "ముప్పై క్రోనర్లు డబ్బాలో వేసే తీసుకున్నా, దొంగతనంగా కాదు. మీకు ఇది మసికుండ. నాకు కాదు. ఎందుకు కాదో చెప్తా వినండి."

కెటిల్‌ని మళ్ళీ కుర్చీ కింద పెట్టాడు.

"పోయిన శరత్కాలం, ఇదే హాలు, ఆదివారం ఆఖరి గంట. సంచి నిండా ఏం కుక్కుకున్నా యాభై క్రోనర్లే కదా. నేనూ ఒక సంచి తీసుకున్నా. రెండు దిండు గలీబులు, ఒంటి బూటు ఒకటి, అడుగున ఇంకా చోటుందని ఒక కెటిల్. నల్లగా ఉంది, అచ్చం ఇలాగే. ఇంటికెళ్ళి వెనిగరూ ఉప్పూ వేసి తోమడం మొదలెట్టా. మొదటిరోజు నలుపు పోయింది. రెండోరోజు గోధుమరంగు. మూడోరోజుకి రాగి బయటపడింది, మామూలు రాగి కాదు, మా ఆవిడ ఆస్లౌగ్ వంటింట్లోకి రావాలంటే నల్లకళ్ళద్దాలు పెట్టుకొచ్చేది."

"పొయ్యి దగ్గర నల్లకళ్ళద్దాలా?" అన్నాడు తోర్యుస్. వంతెన మీద బస్సు నడిపేది ఇతనే. అందుకని ఓద్వార్‌కి ఇతనంటే కాస్త గుర్రు.

"పొయ్యి దగ్గరే. నువ్వు రోడ్డు చూసుకో, నేను చెప్పేది చెప్పనీ. తోమి కిటికీలో వేలాడదీశా. మన ఒడ్డున అక్టోబరు నించీ మార్చి దాకా ఎండ పడదు కదా, కొండ అడ్డం. అవతలి ఒడ్డున పడ్డ ఎండ, ఒక్క ముక్క, నీళ్ళ మీంచి ఎగిరొచ్చి నా కెటిల్‌కి తగిలింది. ఇంకేముంది. ఇటువైపు ఊరంతా తెల్లారిపోయింది. డిసెంబరులో. పక్కింటివాళ్ళ కోళ్ళు రోజుకి రెండేసి గుడ్లు పెట్టాయి. గోతాంలో బంగాళాదుంపలు మొలకలేసి తాడు విప్పుకుని బయటికొచ్చాయి. పాస్టరుగారు సమాధుల దగ్గర ప్రార్థన చేయించి వచ్చేసరికి ఆయన ముక్కు కమిలిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మంచు కరిగింది," అంది సిగ్నె, వాఫిల్ పెనం తిప్పుతూ. ఒకప్పుడు పోస్టాఫీసు చూసేది, అది ఎత్తేశాక కిరాణాకొట్లో పార్శిళ్ళ బల్ల చూస్తోంది. ఊళ్ళోకొచ్చేదీ ఊళ్ళోంచి పొయ్యేదీ ఆవిడ చేతిమీదుగానే.

"కరిగింది. నీకెలా తెలిసింది? స్కీ క్లబ్బు వాళ్ళు వచ్చి మొత్తుకున్నారు, మా వాలు మొత్తం గడ్డి మొలిచింది, కెటిల్‌కి ఏదన్నా కప్పవయ్యా అని. కప్పా. ఉన్నిసాక్స్ తొడిగా. అప్పుడే అనుకున్నా, దీన్ని ఇంట్లో ఉంచుకుంటే ఊరికి మంచిది కాదు, అమ్మేయాలి అని. సరే, అమ్మాలంటే ఫొటో పెట్టాలి. ఫోను తీసి నొక్కా, ఫోనుకి కళ్ళు పోయాయి. రెండురోజులు నల్లగా ఉండిపోయింది పాపం. చివరికి సాక్సు తొడిగే తీశా, ఒక్క మూతి మాత్రం కనబడేట్టు."

మోల్‌ఫ్రి కాఫీ పోసుకుంటూ, "ఎంతకి పెట్టావు?" అంది.

"మూడు వందలకి. మొదలెట్టేవాడు తక్కువకే పెట్టాలి, అది మెలకువ. పొద్దున తొమ్మిదికి పెట్టానా, మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి మెసేజ్‌లు ఎన్ననుకున్నావు? పదకొండు వందలు. అందరిదీ ఒకటే మాట. 'ఇంకా ఉందా?' నేను ఉందండీ అని కొడతా, వాళ్ళు మాయం. మళ్ళీ ఇంకొకరు, 'ఇంకా ఉందా?' ఉందండీ, ఉందండీ, ఉందండీ. సాయంత్రానికి ఈ బొటనవేలు చూడు, దీనికి కండ పెరిగింది. ఆస్లౌగ్ దానికొక్కదానికే వేరే చేతితొడుగు అల్లింది."

"ఏదీ చూపించు బాబాయ్," అన్నాడు తోర్యుస్.

"అరిగిపోయింది. మధ్యలో అడ్డం రాకు. బెర్గెన్ నించి ఒకడు, సగం ధరకిచ్చి, తెచ్చి మా ఇంట్లో దింపి, కాఫీ కూడా కాచి చూపించమన్నాడు. అలాంటివాళ్ళతో ఓపిగ్గా మాట్లాడాలి, అదీ ఒక మెలకువే. ఓపిగ్గా మాట్లాడుతుంటే కిటికీ బయట హోరు వినబడింది. చూస్తే జనం. వంతెన ఈ చివర నించి ఆ చివర దాకా కార్లు, కదలవు, మెదలవు."

"నా బస్సు కనబడలేదా అందులో?"

"నువ్వారోజు సెలవులో ఉన్నావు."

"నేను సెలవు పెట్టనే లేదు."

"అయితే జనం కింద నీ బస్సు కనబడి ఉండదు. ఆ బరువుకి వంతెన ఇంత మేర కుంగింది. జిల్లా ఆఫీసు నించి ఫోను: ఓద్వార్, వంతెన వల్ల కావట్లేదు, ఫెర్రీ తప్ప దిక్కులేదు. తుక్కు కింద విప్పడానికి లాక్కెళ్ళిన మన ఫెర్రీని సగం విప్పిందాన్ని విప్పినట్టే తీసుకొచ్చారు. కెప్టెనుకి ఒంట్లో బాగాలేదు. నేనే చుక్కాని పట్టా." ఓద్వార్ చేతిలో వాఫిల్ చల్లారిపోతోంది, చూసుకోలేదు. "కొండ మలుపు తిరగ్గానే కూత పెట్టా. రెండు పొడుగు, ఒకటి పొట్టి. రేవులో అందరూ టోపీలు తీశారు. నలభై మూడు ట్రిప్పులు వేశా ఆ రోజు."

తోర్యుస్ చీజ్ ఓద్వార్ వైపు జరిపాడు. సిగ్నె అడగకుండానే ఓద్వార్ కప్పులో కాఫీ పోసింది.

"ఇంక మా పెరట్లో వేలంపాట మొదలైంది. జర్మనీ నించి వచ్చినాయన తాను వచ్చిన ఇల్లులాంటి బండి ఇస్తానన్నాడు. ఒకామె ఇరవై మేకలు, కాసే మనిషితో సహా. లోఫోతెన్ నించి వచ్చినవాడు ఒక ఏడాది పడే కాడ్ చేపలు మొత్తం, ఈదుతున్నవి ఈదుతున్నట్టుగా. నేను అన్నిటికీ తల అడ్డంగా ఊపా. తొందరపడకూడదు. అప్పుడు దిగింది డెన్మార్కు దొరసాని. హెలికాప్టరులో. మా కోళ్ళగూడు మీద."

"మీకు కోళ్ళు లేవుగా," అంది మోల్‌ఫ్రి.

"ఆవిడ దిగాక లేవు. దొరసాని వచ్చి కెటిల్ చేతిలోకి తీసుకుంది. సాక్సు విప్పింది. తిరగేసింది. అడుగున చిన్న మాటు ఉంది, ఎప్పుడో కన్నం పడితే వేసింది, హెర్రింగ్ చేప ఆకారంలో, తోకతో సహా. అది చూడగానే ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు. 'ఇది మా ముత్తవ్వ కెటిల్. ఈ మాటు రాజుగారి కంసాలి వేసింది. ఇలాంటి పనివాడు ఐరోపా మొత్తంలో ఒక్కడే ఉండేవాడు' అంది."

"పార్శిల్ నా బల్ల మీదికి రాలేదే," అంది సిగ్నె.

"చేతికే ఇచ్చా."

"ఎంతిచ్చింది బాబాయ్?"

ఓద్వార్ తాళంచెవి వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "అంకె చెబితే గొప్పలంటారు. ఇలాంటి బ్యాండుకి పెద్ద బాకాలు పద్నాలుగు కొనొచ్చు. అంతవరకే చెప్తా."

మోల్‌ఫ్రి కప్పు కింద పెట్టింది. "మరి ఒక్కటి కొనిపెట్టకపోయావా? పిల్లలు నెలరోజులుగా బాకా లేకుండా పాట నేర్చుకుంటున్నారు."

ఓద్వార్ నోట్లో వాఫిల్ ఆగిపోయింది. ఆయనకి ఇది తట్టలేదు.

"డబ్బుగా ఇవ్వలేదు మోల్‌ఫ్రీ. దీవి ఇచ్చింది."

"ఏ దీవి?"

"సముద్రంలోదే. పోటు వచ్చినప్పుడు కనబడదు. ఆటు వచ్చినప్పుడు నువ్వు చూడవు."

తోర్యుస్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. సిగ్నె మాత్రం నవ్వలేదు. పెనం మూసి, చేతులు తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగొచ్చి ఓద్వార్ కుర్చీ దగ్గర వంగింది. కిందున్న కెటిల్ తీసి బోర్లించింది. మసి మీద బొటనవేలితో గట్టిగా రుద్దింది. రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత మాకందరికీ కనబడేట్టు దీపం వైపు తిప్పింది.

రాగి మీద చిన్న హెర్రింగ్ చేప. తోకతో సహా.

"గురువారం ఆస్లౌగ్ తెచ్చిచ్చింది," అంది సిగ్నె. "పెట్టె నేనే విప్పాను. పోయిన శరత్కాలంలోనూ ఆవిడే ఇచ్చింది, పడవల కొట్టం సర్దుతుంటే దొరికిందని. అదే ఆదివారం నువ్వు కొని ఇంటికి తెచ్చావట. అమ్ముడుపోక మళ్ళీ కొట్టంలోకే చేరింది. వేసవిలో ఒడ్డున మంటలు వేసినప్పుడు ఆవిడ దాంట్లోనే కాఫీ కాచింది, అందుకే ఈ మసి. ఆ మాటు వేసింది కూడా నువ్వేనట ఓద్వార్. ఫెర్రీ ఇంజను గదిలో, మీ పెళ్ళయిన ఏడాది."

ఓద్వార్ కెటిల్ అందుకున్నాడు. చేపని చాలాసేపు చూశాడు.

"అదే అనుకున్నా," అన్నాడు. "పనివాడెవడో చాలా గట్టివాడని."

"ఒకే కెటిల్‌ని ఒకే మనిషికి రెండుసార్లు అమ్మాం," అన్నాడు తోర్యుస్ కళ్ళు తుడుచుకుంటూ. "నీలాంటి వాళ్ళు ఇంకో పదిమందుంటే ఇంటర్నెట్‌తో పనేముంది బాబాయ్."

మోల్‌ఫ్రి తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుంది. ఓద్వార్ చూశాడు, చూడనట్టు కెటిల్ మూత సరిచేశాడు. బయట వరసలో ఎవరో తలుపు తట్టారు. ఇంకా పావుగంట ఉంది.

"ఆగు మోల్‌ఫ్రీ," అంది సిగ్నె, ఫోను తీసి వెతుకుతూ. "ఇతను పెట్టిన ప్రకటన ఇంకా అలాగే ఉంది. తీసెయ్యనే లేదు. విను." కళ్ళజోడు పైకి తోసి చదివింది: "'రాగి కెటిల్. పాతది. అడుగున మాటు ఉంది, కారదు. ఒక్కసారి కాస్తే పన్నెండు మందికి సరిపోతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరమే. మూడు వందల క్రోనర్లు.' చూసినవాళ్ళు పదకొండు మంది. పదకొండు వందలు కాదు, పదకొండు. అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు."

ఓద్వార్ తలొంచుకుని, బూటు కొనతో నేల మీది ఆటగీతని రుద్దుతున్నాడు.

"ఇది నువ్వే రాశావా?" అంది మోల్‌ఫ్రి.

"నేనే. నాకు అంతకంటే రాయడం రాదు. మాట్లాడితేనే వస్తుంది."

మోల్‌ఫ్రి జేబులోంచి తాళంచెవి తీసి ఆయన పళ్ళెంలో, మిగిలిన చీజ్ పక్కన పెట్టింది. "మాకు ఇలా రాసేవాడు చాలు. అలా మాట్లాడేవాడు అక్కర్లేదు. రాత నీది, ధరలు సిగ్నె వేస్తుంది. సోమవారం పొద్దున ఎనిమిదికి రా."

"ఏడింటికే వస్తా," అన్నాడు ఓద్వార్. తాళంచెవి తుడిచి స్వెట్టరు లోపల దాచుకున్నాడు. ఎక్కడ మళ్ళీ అడుగుతుందో అని కాబోలు, పైనించి చెయ్యి అలాగే ఉంచాడు.

సిగ్నె పెనం దగ్గరికి వెళుతూ వెళుతూ ఫోనులో ఏదో నొక్కింది. ఓద్వార్ జేబులో ఫెర్రీ కూత మోగింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి. అది ఆ ప్రకటనకి ఎవరన్నా మెసేజ్ పెడితే మోగాలని ఆయన ఫోనుకి పెట్టుకున్న చప్పుడని మాకు అప్పుడే తెలిసింది. ఏడాది నించీ ఒక్కసారీ మోగితే కదా.

తీసి చూశాడు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చి చూశాడు. తెర మీద రెండే రెండు మాటలు.

*ఇంకా ఉందా?*

పంపింది ఎవరో ఆయనకి తెలుసు. మూడడుగుల దూరంలో వీపు తిప్పి పిండి పోస్తోంది. అయినా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కెటిల్‌ని ఒళ్ళోకి తీసుకుని, ఏ కండా లేని ఆ బొటనవేలితో ఒక్కో అక్షరమే వెతికి వెతికి కొట్టాడు. తోర్యుస్ తలుపుల గడియ తీస్తున్నాడు, జనం అరుపులు లోపలికొస్తున్నాయి, ఓద్వార్ తల ఎత్తలేదు. సిగ్నె ఫోను మోగింది. పిండిచేత్తోనే తీసి మాకు చదివి వినిపించింది:

"ఉందండీ. కాకపోతే చాలామంది అడుగుతున్నారు. తొందరగా చెప్పండి."