డ్రిల్లు మాస్టారి మీద అర్జీ

"తాతయ్యా, ఊరంతా డ్రిల్లు మాస్టారి సంతాప సభకి వెళ్ళింది కదా, నువ్వెందుకు వెళ్ళలేదు?" అని అడిగాను. తాతయ్య కాలవ కేసి తిరిగి మొదలెట్టాడు.

వెళ్ళి ఏం చెప్పనమ్మా? మహానుభావుడండి, దేవుడండి అని మైకు పట్టుకుని ఏడుస్తున్నారంట. హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని 'బంతి మాస్టారు' అని వెక్కిరించింది వీళ్ళే. నరసింహమూర్తి గారు... అంతర్వేది అవతల, చేపల వేట వాళ్ళబ్బాయి. ఇక్కడేమో కబడ్డీ, వాలీబాలు. ఈయనొచ్చి ఫుట్‌బాల్ అన్నాడు. కాళ్ళకి బలమొస్తుందని దమ్ము చేసిన బురద చేలో పిల్లల్ని పరిగెత్తించేవాడు. నా చేలోనే. కూలి లేకుండా చేను తొక్కిపెడుతున్నారని నేనూ నవ్వుకునేవాణ్ణిలే.

మీ నాన్న గోల్‌కీపరు. ఆ పొడుగు మీ నాయనమ్మ పుట్టింటిది, వాళ్ళంతా తాటిచెట్లే.

తుఫానొచ్చిన ఏడు... కాదు కాదు, ఆ తర్వాతేడు. కోత మిషన్లు అప్పుడే దిగాయి. మిషను కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది, ఆరబొయ్యాలి. బస్తా ఎనిమిది వందలు పలకడమే గగనం, తడిస్తే ఎవడూ ముట్టుకోడు. అందుకని అందరం హైస్కూలు గ్రౌండులో పోసేవాళ్ళం. మాస్టారు ఏనాడూ కాదనలేదు. నాలుగింటికల్లా ఎత్తుకోండి, పిల్లలు ఆడుకుంటారు అనేవాడు, అంతే.

జిల్లా జట్టుకి ఎంపికలు ఆ గ్రౌండులోనే పెట్టారు. ముందురోజు ఇంటికొచ్చాడు. "సూర్రావు గారండీ, రేపొక్కరోజు మధ్యాహ్నానికే తీసేయండి. మీ వాడు కూడా ఉన్నాడు కదండీ" అన్నాడు. సరేనన్నాను. తియ్యలేదు. సముద్రం ఒడ్డు నుంచొచ్చినోడు నాకు టైము చెప్పేదేంటని. అదే తల్లీ, ఇంకే కారణమూ లేదు.

నేను భోంచేసి పడుకున్నాను. పిల్లలే ఎత్తారు. ఎలాగనుకున్నావు? అన్నం పెట్టే గింజని బూట్లతో తొక్కకూడదని, మాస్టారు అందరి చేతా బూట్లు విప్పించాడు. చేతుల్తో పోగు చేయించి, బరకం పట్టా కప్పించి, చుట్టూ ఇటుకలు పెట్టించాడు. ఆట అవగానే వాన. ఆ పూట గ్రౌండు ఖాళీ చేసి రోడ్డు మీద పోసుకున్న వాళ్ళ ధాన్యం కాలవలో కలిసింది. నాది గింజ తడవలేదు. మీ నాన్న ఎంపికయ్యాడు కూడా.

మర్నాడు సొసైటీ దగ్గర ఒకటే నవ్వులు. "ఏరా సూర్రావూ, ఇక నీ ధాన్యానికి మాస్టారి పర్మిషన్ కావాలంటగా?" అని. ఒళ్ళు మండిపోయింది. ఆ గ్రౌండు మీద కన్నున్న వాళ్ళు అర్జీ రాసి తెచ్చారు. పిల్లల చేత బూట్లతో ధాన్యం తొక్కించాడు, ఇలాంటి మనిషి బడికి పనికిరాడు అని. చదవకుండా సంతకం పెట్టాననుకుంటావేమో. రెండుసార్లు చదివే పెట్టాను.

వారంలో ఏజెన్సీకి బదిలీ చేశారు. వెంట తీసుకెళ్ళే మనిషి లేక జిల్లా ఆటకి మనోళ్ళెవరూ వెళ్ళలేదు. మీ నాన్న రెండ్రోజులు అన్నం తినలేదు. "ఎవరు పెట్టారు నాన్నా అర్జీ?" అన్నాడు. ఎవరోలేరా అన్నాను.

వెళ్ళే ముందు మాస్టారు మనింటికొచ్చాడు. నాకు నమస్కారం పెట్టాడు. అర్జీ ఆయనకి చూపించే ఉంటారు కదా, కింద నా పేరు చదివే ఉంటాడు. "మీ వాడి చేతులు మంచివండి, ఆట మాన్పించకండి" అన్నాడు. వాడే మానేశాడు.

మీ నాన్న ఆయనకి నిన్న మొన్నటిదాకా ఫోన్ చేసేవాడమ్మా. పండక్కీ పబ్బానికీ. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు ఆయన. చెప్పేసుంటే బాగుండేది. మీ నాన్న నన్ను నాలుగు తిట్టి ఊరుకునేవాడు.

ఇవాళ సభ పెట్టించింది మీ నాన్నే. పొద్దున్న నా పక్కన కూర్చుని టీ తాగుతూ, "ఆ అర్జీ పెట్టినోడు ఇవాళ సభకొస్తాడా నాన్నా?" అన్నాడు. రాడులేరా అన్నాను. ఆ మాటొక్కటే నిజం.

అదుగో, బండి చప్పుడు. వస్తున్నాడు. నువ్వు లోపలికి పో తల్లీ... కాదు, ఉండు. నా పక్కనే కూర్చో. నూరేళ్ళు చల్లగా ఉండాలి నువ్వు, నా పోలిక ఒక్కటీ రాకూడదు.

ఏరా అబ్బాయ్, అయిపోయిందా సభ? బాగా జరిగిందా... ఇలా రా. చెప్పులు తర్వాత విప్పుదువుగాని, ముందు కూర్చో. ఆ అర్జీ ఉంది చూడు...