వోరన్ తలుపెందుకు తీసినాడు

పులివెందుల. ఒక పార్టీ నాయకుని ఇంటి ముందు జమ్మలమడుగుకు సిద్ధంగా నిలిపిన సుమో. ముందు సీట్లో నాయకుని కొడుకు గంగాధర్, ఒళ్లో ల్యాప్‌టాప్‌లో వీడియోగేమ్. వెనక సీట్లో నాయకునికి ఏళ్లుగా కాపలా తిరిగే కుళ్లాయప్ప.

"అయితే కడాకు ఆ వోరన్ గాడు కోట తలుపు తీసేసినాడంటావు."

"తీసినాడు మామా. ఆటంతా హీరో పక్కనే ఉండి, హీరో కోసం కత్తిపోట్లు తిని, కడాకు శత్రువులకు తలుపు తీసినాడు."

"ద్రోహి నాకొడుకు. దాంట్లో ఆలోచన చేసేకి ఏముంది?"

"నెట్‌లో అందరూ అదే రాసినారు. నేనూ అట్లే అనుకుంటి. రెండోసారి ఆడితే తెల్సింది. వోరన్ తమ్ముణ్ణి సంపినోనితో హీరో రాజీ అయినాడు."

"ఈ డ్రైవర్ యాడికి పోయినాడో."

"వింటాండావా మామా?"

"వింటాండా. అయితే అయినాడులే. పార్టీలన్నాక... అదే, రాజ్యాలన్నాక తప్పదు."

"వోరన్ గూడా అచ్చం ఈ మాటే అంటాడు, నవ్వుతా. ముందు ప్రతిదానికీ హీరోతో కొట్లాడేటోడు. రాజీ అయినాక దేనికీ ఎదురు చెప్పడు. ఏమడిగినా సరే అంటాడు."

"సరే అంటే తప్పేంది?"

"వాడు ఆడనే తిరగబడినాడని నాకనిపిస్తాది. నువ్వు గూడా నాయనతో ఇప్పుడు కొట్లాడవు."

"నీ ఆట తెచ్చి నాకు అంటగట్టొద్దప్పా."

"గొర్రెల దొడ్డి కాడ పెంచలయ్య మామను నరికిచ్చింది ఆదినారాయణే గదా. వాడూ నాయనా ఒకే పార్టీ అయిపోయిరి. ఈపొద్దు జమ్మలమడుగులో వానింట్లో భోజనం. నీ తమ్ముడు గదా మామా, నీకు ముందు ఒక్క మాటన్నా చెప్పినాడా నాయన?"

"పేపర్లో చూసినా."

"తప్పు నాయనదే."

"ఆ మాట అనాల్సింది నువ్వు గాదులే. సరే, హీరో పోయి తప్పయిందంటే వోరన్ ఆగుతాడా?"

"ఆగడు. శానా తీర్లు ఆడి చూసినా. యాడా ఆగడు."

"మంచోడా, చెడ్డోడా మరి?"

"తెలీదు మామా. వాణ్ణి చూస్తే ఏడుపొస్తాది."

"ఆపు ఇంక. పోయి అన్నను పిల్సుకరా, ఎండెక్కతాంది."

"నాయన రాడు. జరమొచ్చిందని ఆదినారాయణకు నేనే ఫోన్ చేసి చెప్పినా. నాయన బదులు నేను పోతాండా."

"నువ్వొద్దు."

"యాల?"

"వద్దంటే వద్దు. పెద్దోళ్ల యవ్వారం. అన్ననే రానీ."

"నాయనైతే పోవచ్చునా?"

"దిగప్పా."

"దావ యాదో నీకొక్కనికే తెల్సు. డ్రైవర్‌కు గూడా బండి కదిలినాకనే చెప్తావు. నువ్వు యా దావ అంటే ఆ దావనే, ఈ సీట్లోనే కూర్చోని పోతా. నన్ను ఎత్తుకోని తిప్పినోనివి నువ్వే గదా."

"నీకు దండం పెడతా గంగప్పా, దిగు."

"దిగను. డ్రైవర్ వస్తాండాడు. చెప్పు మామా, యా దావ?"

"ఎర్రగుంట్ల మీద పొద్దుటూరుకు సుట్టుకోని పోదాం. తొండూరు మీద నేరు దావన అన్న కోసం మనుషుల్ని పెట్టినా."